నల్ల అంచు కాగితం

ఫిబ్రవరి 24, సోమవారం

ఈ నోటుపుస్తకం పట్నంలో కొన్నాను. మా ఊళ్ళో కొనాలంటే వెల్కో బాబాయ్ కొట్టే గతి. "ఇంత లావు పుస్తకం ఎందుకే రుమ్యానా, ప్రేమలేఖలు రాస్తావా?" అంటాడు, సాయంత్రానికి ద్రెనోవిత్స అంతా అదే ముచ్చట. ఆఫీసు కంప్యూటర్ కంపెనీది. ఫోన్ కంపెనీది. కూర్చునే కుర్చీ, తాగే కాఫీ కూడా వాళ్ళవే. ఇదొక్కటి నాది.

పొద్దున పావ్లిన్ వచ్చాడు. స్కూల్లో నా వెనక బెంచీవాడు, ఇప్పుడు కట్ట దగ్గర గొట్టాల్లో నీటిమట్టం కొలుస్తాడు. నేను ఈ గని కంపెనీ సమాచార కేంద్రంలో కూర్చుని ఆరేళ్ళయింది, అతను ఒక్కసారీ గడప తొక్కలేదు. వచ్చీ రావడంతోనే తలుపు వేశాడు.

"రూమీ, కట్ట కింద చెమ్మ."

"అది ఎప్పుడూ ఉండేదే కదా."

"అప్పుడు అరచెయ్యంత. ఇప్పుడు ఈ గదంత. నేను రాసిచ్చిన అంకె వాళ్ళకి నచ్చలేదు. వేరే అంకె వేసి కింద నా పేరు పెట్టారు. నువ్వు చెప్పు ఊళ్ళో. చెప్పడమే కదా నీ ఉద్యోగం."

కాయితం మీద రాసి పైకి పంపమన్నాను. నవ్వాడు. "పైకి పంపింది పైనే ఉంటుంది. మడ్డి మాత్రం కిందికొస్తుంది" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక నా కరపత్రం తీసి చదువుకున్నాను. 'గనిలో రాయిని పొడిచేసి కడిగాక మిగిలే మడ్డిని ఊరికి పైన కట్ట వెనక భద్రంగా నిలవ చేస్తున్నాం. కట్ట గట్టిగా ఉంది. నిశ్చింతగా నిద్రపోండి.' చివరి వాక్యం నా సొంతం. అది చదివి రాజధాని సోఫియా ఆఫీసులో దామ్యానోవ్ గారు చప్పట్లు కొట్టారు.

మంచు కరిగే రోజులు. చెమ్మ రాక ఏం చేస్తుంది! పావ్లిన్ చిన్నప్పటి నుంచీ పిరికివాడే.

ఫిబ్రవరి 25

కట్ట గట్టిగా ఉంది. రాసింది నేనే. రాసేముందు ఒక్కసారైనా ఎక్కి చూడలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

సోఫియా నుంచి దామ్యానోవ్ గారు దిగారు. మా విభాగానికి పెద్ద. ఎప్పటిలాగే చాక్లెట్ పెట్టె తెచ్చారు. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ప్రశ్నలూ జవాబులూ రాసుకుందామన్నారు.

"'ఊట' అనే మాట వద్దు. జనం బెదిరిపోతారు. ఏమందాం?"

పెన్ను తెరిచి నావైపు చూశారు. నేను క్లాసులో చెయ్యెత్తే పిల్లలా వెంటనే అనేశాను: "'ఈ రుతువులో మామూలుగా వచ్చే తేమ' అందాం సార్."

"బంగారం!" అన్నారు.

సంతోషం వేసింది. ఛీ, అదే రాసుకుంటున్నాను, సంతోషం వేసింది.

మార్చి పన్నెండున కట్ట ప్రమాదం సైరన్ మోగించి చూడాలి. ఏటా చేసేదే. ఈసారి వద్దట. ఊరికే అదరగొట్టడం ఎందుకన్నారు. నేను 'సాంకేతిక కారణాల వల్ల వాయిదా' అని రాసి తలుపుకి అంటించాను. ఎవరూ చదవలేదు. నా కరపత్రాలన్నీ పొయ్యి రాజెయ్యడానికే పోతాయి. అదే తలుపు ఎదురుగా బస్‌స్టాప్‌లో ఎవరిదో చావుకాగితం, మా ఊళ్ళో ఎవరు పోయినా అంటించేది: నల్ల అంచు, మధ్యలో ఫోటో. పోయి పదేళ్ళయిన మనిషి సంస్మరణ అది. అయినా ముగ్గురు ఆగి చివరి అక్షరం దాకా చదివారు. వాళ్ళ కోసం బస్సు కూడా ఆగింది.

ఎందుకో ఆ ఫిల్ము గుర్తొస్తోంది. రెండేళ్ళ కిందట దిగువ పేట వాళ్ళని ఇళ్ళు అమ్మి పైకి వచ్చేయమని కంపెనీ అడిగింది. స్కూల్లో మీటింగు పెట్టి ఫిల్ము తీశారు. నేనే పిలిచాను అందరినీ. ఇళ్ళమ్ముతారా అంటే జనమంతా ఒక్కటిగా తలలు పైకీ కిందికీ ఆడించారు. మా దగ్గర అలా ఆడిస్తే కాదని. విదేశాల్లో ఉన్న వాటాదారులకి ఆ సంగతేం తెలుసు? మాటలు తీసేసి, కింద సంగీతం పెట్టి వాళ్ళకి చూపించారు. తలలూపుతున్న జనాన్ని చూసి వాళ్ళు మురిసిపోయారట. అది అతికించేటప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మార్చి 1, శనివారం

మార్తా అవ్వ పండగ. వసంతం వస్తోందని చేతికి కట్టుకునే ఎరుపూ తెలుపూ దారాలు మూడు వందలు పంచాను. ఒక్కోదానికీ కంపెనీ గుర్తున్న అట్టముక్క వేలాడుతోంది. చివరగా దిగువ పేటలో మా స్తోయ్నా పిన్ని ఇంటికి వెళ్ళాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. కత్తెర తెచ్చి అట్టముక్క టక్కున కత్తిరించి పొయ్యిలో పారేసింది, దారం మాత్రం కట్టించుకుంది.

"దారానికి కూడా బోర్డు తగిలించాలా? ఏం మనుషులే మీరు!"

బీన్స్ పులుసు పెట్టింది. పక్కింటి వెల్కో బాబాయ్ మీద చాడీలు చెప్పింది. గోడ మీదుగా వంగిన అక్రోటు చెట్టు గురించి ఇద్దరికీ మాటల్లేక పదకొండేళ్ళు. చెట్టు ఆయనది, కాయలు రాలేది పిన్ని పెరట్లో.

నేను లేచేటప్పుడు అడిగింది. "అమ్మాయ్, ఆ కట్ట సంగతి... నిజంగా బాగానే ఉందా?"

నేను తల అటూ ఇటూ ఆడించాను, ఉందని. నోటితో చెప్పలేదు. నోటితో చెప్పలేదు కాబట్టి అబద్ధం కాదేమో.

మార్చి 4, మంగళవారం

వెళ్ళి చూశాను.

కంపెనీ పత్రికకి పువ్వుల ఫోటోలు తీస్తానని చెప్పి, మధ్యాహ్నం పావ్లిన్ వెంట వెనక దారిలో వెళ్ళాను. కట్ట పాదం దగ్గర గడ్డి అప్పుడే పచ్చగా ఉంది. మిగతా కొండంతా ఇంకా ఎండుగడ్డే. కాలు పెడితే బూటు మడమ దాకా దిగింది. ఒకచోట బొటనవేలంత బెజ్జం లోంచి నీళ్ళు కారుతున్నాయి. బూడిద రంగులో.

"తేటగా కారితే భయం లేదు రూమీ. ఈ రంగులో వస్తోందంటే కట్ట మట్టిని కూడా తెస్తోంది. లోపల్నుంచి కట్టని తినేస్తోందన్నమాట."

"ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"నాకేం తెలుసు? ఏడాది కావచ్చు. ఆదివారం కావచ్చు."

సంచీలో ఖాళీ సీసా ఉంది, పిన్ని ఊరగాయ ఇచ్చిన సీసా. కడిగి తిరిగిద్దామని తెచ్చుకున్నది. దాన్నిండా ఆ నీళ్ళు పట్టాను. లేచి తిరిగి చూస్తే కింద దిగువ పేట అంతా అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. ముప్పై ఒక్క పొగగొట్టాలు. పిన్ని పొగగొట్టం లోంచి పొగ వస్తోంది. వంట చేసుకుంటోంది.

పావ్లిన్ చెయ్యి పట్టుకుని దిగాను.

మార్చి 5

రాయాలంటే భయంగా ఉంది.

మార్చి 6, గురువారం

సీసా ఆఫీసులో ఫైళ్ళ వెనక దాచాను. నీళ్ళు తేరుకున్నాయి. అడుగున రెండు వేళ్ళ మందం మడ్డి.

ధైర్యం చేసి పట్నంలో జిల్లా ఆఫీసుకి వీధి చివరి ఫోన్ నుంచి చేశాను. పేరు చెప్పలేదు. ద్రెనోవిత్స కట్ట కింద నీళ్ళు కారుతున్నాయన్నాను. రాసుకుంటున్నామన్నారు. ఇరవై నిమిషాలు కాలేదు, ఆఫీసులో నా ఫోన్ మోగింది. దామ్యానోవ్ గారు.

"రుమ్యానా, ఏమ్మా, జిల్లా వాళ్ళతో ఏమైనా పని పడిందా? నాకు చెబితే నేనే చేసి పెట్టేవాణ్ణి కదా."

గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీ సంగతులు బయట చెప్పనని పెట్టిన సంతకం గుర్తుంది కదా అని కూడా అడిగారు, ఇంట్లో అందరూ కులాసాయేనా అన్నట్టు.

పావ్లిన్‌ని సెలవు మీద పంపించేశారు. కట్ట మీద ఎవరో కొత్త మనిషి. సమాచార కేంద్రం ఎదురుగా బూడిదరంగు జీపు పొద్దుటి నుంచీ ఆగి ఉంది. ఊరికే ఆగి ఉండొచ్చు. జీపులు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

మార్చి 8, శనివారం

మహిళా దినోత్సవం. పట్నం హోటల్లో కంపెనీ విందు. ఒక్కో ఆడదానికీ ఒక్కో కార్నేషన్ పువ్వు, వైన్, బాజాలు. చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నాం. దామ్యానోవ్ గారు వచ్చి నా పక్కన చెయ్యి కలిపారు. అడుగులు తప్పకుండా ఆడుతూనే చెవి దగ్గర అన్నారు.

"మీ పిన్ని ఉండేది దిగువ పేటలోనే కదూ?"

"అవును సార్."

"ఒంటరిది. నీ దగ్గరికి తెచ్చుకోరాదూ? కొన్నాళ్ళు."

చెయ్యి వదల్లేదు. నవ్వుతూనే ఉన్నారు. బెదిరిస్తున్నారా? జాలిపడి చెబుతున్నారా? జాలిపడి చెబుతుంటే మరీ భయం. అంటే ఆయనకీ తెలుసన్నమాట. తెలిసే ఆడుతున్నారు.

మార్చి 10, సోమవారం

చెప్పేశాను. వెల్కో బాబాయ్ కొట్లో, పదకొండింటికి, కాఫీల వేళ. అయిదుగురున్నారు. కట్ట బాగాలేదు, వారంలో వాన ఉంది, కొన్నాళ్ళు పైకి వచ్చి ఉండండి అన్నాను. గొంతు పిల్లికూనలా సన్నగా వచ్చింది.

వెల్కో బాబాయ్ గల్లాపెట్టె మీద మోచేతులు ఆన్చి నన్ను తీరిగ్గా చూశాడు.

"పైకంటే ఎక్కడికమ్మా? మీ కంపెనీ కట్టిన అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళలోకా?"

"కాదు బాబాయ్, బడిలో..."

"ఆగు. ముందు వచ్చి ఇళ్ళమ్మమన్నావు. మేం అమ్మం అన్నాం. తరవాత వచ్చి కట్ట గట్టిగా ఉంది, నిశ్చింతగా నిద్రపోండి అన్నావు. సరే, పోయాం. ఇప్పుడొచ్చి కట్ట కూలుతుంది, లేచి రండి అంటున్నావు. మేం పైకొస్తాం, వారం తిరిగేసరికి కింద మీ బుల్డోజర్లు. అంతేనా? ఈసారి ఎవరు రాసిచ్చారే ఈ మాటలు?"

అందరూ నవ్వారు. ఒకాయన నా వీపు తట్టి "పాపం, దాని ఉద్యోగం దానిది" అన్నాడు.

ఏడుపొచ్చింది. కాఫీకి డబ్బులిస్తే వెల్కో బాబాయ్ తీసుకోలేదు. మనిషి మంచివాడే. నేనంటే నమ్మకం లేదు, అంతే. ఎలా ఉంటుంది? ఆరేళ్ళు కూర్చుని ఆ నమ్మకాన్ని ఖర్చు పెట్టింది నేనే కదా.

మార్చి 11

కలల్లో కూడా బూడిద రంగే.

మార్చి 12, బుధవారం

ఈ రోజు మోగాల్సిన సైరన్ మోగలేదు. పది గంటల దాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, వాయిదా కాగితం రాసింది నేనే అయినా.

సీసా తీసుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. తల ఆడించడం కాదు, నోటితో. పిన్ని తిట్టలేదు. సీసా ఎత్తి కిటికీ వెలుతురులో పట్టి చాలాసేపు చూసింది. మూత తీసి వాసన చూసింది, వేలు ముంచి రుద్దింది.

"యాభై ఏళ్ళు ఈ వాగులో ఉన్ని ఉతికాను. ఈ రంగు ఎప్పుడూ చూడలేదే."

"చెబితే వినడం లేదు పిన్నీ."

"నువ్వు చెబితే ఏం వింటారు! నేను చెబితే మాత్రం? నువ్వు నూరిపోశావంటారు." సీసా బల్ల మీద పెట్టింది. "ఒకటి చెప్పు. దిగువ పేటంతా ఇళ్ళకి తాళాలేసుకుని ఒక్కసారే గుట్ట ఎక్కేది ఎప్పుడు?"

ఆలోచించక్కర్లేదు. "ఎవరైనా పోతే."

చర్చి గుట్ట మీద ఉంది, శ్మశానం దాని పక్కన. ఫాదర్ పదిహేను రోజులకోసారి వస్తాడు, తాళంచెవి పిన్ని దగ్గరే ఉంటుంది. తుడిచేదీ గంట కొట్టేదీ ఆవిడే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నా పేరు మీద వేద్దాం పిన్నీ. నా చావుకాగితం."

పిన్ని ఫక్కున నవ్వింది. "నీ చావుకి ఎవరొస్తారే పిచ్చిమొహమా? పదిమంది వస్తే గొప్ప. నా పేరు వెయ్యి. నాకైతే అందరూ వస్తారు. ఆ వెల్కోగాడు కూడా వస్తాడు, రాకపోతే వాడి పరువేం కాను?"

నిజమే. నిజం కాబట్టే తల వంచుకుని ఏడ్చాను. పిన్ని నా నెత్తి మీద చెయ్యి వేసింది.

"అపశకునం కాదా పిన్నీ?"

"డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి, శకునాలకి భయపడే వయసా? నాకు ఆ మడ్డంటే భయంగా ఉందే." తలగుడ్డ సర్దుకుంటూ, "ఫోటో మాత్రం మంచిది వెయ్యి. ఆ పళ్ళు లేనిది వెయ్యకు" అంది.

వాన ఎల్లుండి నుంచి అంటున్నారు. ఎల్లుండే.

మార్చి 13, గురువారం

కంపెనీ ప్రింటర్ మీదే వేశాను. నలభై కాగితాలు. నల్ల అంచు, పైన శిలువ, మధ్యలో నీలం తలగుడ్డ కట్టుకున్న పిన్ని. 'అందరికీ ఆత్మీయురాలు స్తోయ్నా ఇల్చెవా తన డెబ్భై నాలుగో ఏట మనల్ని విడిచి వెళ్ళింది. భౌతికకాయం చర్చిలో ఉంది. అంత్యక్రియలు శుక్రవారం పదకొండు గంటలకు. దుఃఖంతో: రుమ్యానా.'

ఆఫీసు కాగితాల అడుగున లేతగా కంపెనీ గుర్తు అచ్చయి ఉంది. కత్తెరతో కూర్చుని నలభై కాగితాలకీ అడుగుభాగం కోసేశాను. కొన్ని వంకరపోయాయి.

ఆరేళ్ళలో నేను ఎన్ని రాశాను! వాటిలో ఒక్కటీ వంకరపోలేదు. ఈ నల్ల అంచు కాగితం మీద మా ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ అబద్ధం రాయలేదు. ఆ పని కూడా నా చేతుల మీదుగానే జరగాలని రాసిపెట్టి ఉంది.

పావ్లిన్‌కి కబురు పెట్టాను. వస్తానన్నాడు. పిన్ని సాయంత్రమే ఎవరి కంటా పడకుండా గుట్ట ఎక్కింది, చావు భోజనానికి అక్రోట్లు కలిపి ఉడకబెట్టిన గోధుమల గిన్నె చంకన పెట్టుకుని. తన చావుకి తనే వండుకుంది.

జీపు ఈ రోజు లేదు. లేకపోవడం కూడా భయంగానే ఉంది.

మార్చి 14, శుక్రవారం

ఆరింటికి అంటించడం మొదలుపెట్టాను. బస్‌స్టాప్, వంతెన, వెల్కో బాబాయ్ కొట్టు తలుపు, పిన్ని గేటు. సన్నగా వాన. ఏడింటికి గుట్ట మీద చావు గంట మోగింది. తన గంట తనే కొట్టుకుంటోంది మహాతల్లి. నాకు నవ్వూ వణుకూ కలిసి వచ్చాయి.

వంతెన దగ్గర ఒకావిడ చదివి అక్కడే కూలబడి ఏడ్చింది. నేను పక్కసందులోకి తప్పుకున్నాను.

ఒంటిగంట. వెల్కో బాబాయ్ కిందికి వెళ్ళాడు.

మార్చి 17, సోమవారం

పట్నంలో, స్కూలు ఆటల గదిలో పరుపుల మీద ఉన్నాం అందరం. మూడు రోజులుగా పుస్తకం తెరవలేదు. వరసగా రాస్తాను, లేకపోతే రాయలేను.

పదకొండింటికి గుట్ట మీద డెబ్భైమంది పైనే. దిగువ పేటలో మంచాన ఉన్న ఒక ముసలాయన్ని కూడా కొడుకు వీపున మోసుకొచ్చాడు. నల్లబట్టలు, గొడుగులు, చేతుల్లో రెండో నాలుగో పువ్వులు, చావుకి సరిసంఖ్యలోనే తేవాలి కదా. వెల్కో బాబాయ్ కొట్టుకి తాళమేసి, వదులైపోయిన పెళ్ళినాటి కోటు తొడుక్కుని, ఆరు పువ్వులు పట్టుకుని వచ్చాడు. మెట్ల దగ్గర నిలబడి అందరి ముందూ పెద్దపెట్టున ఏడ్చాడు.

"ఒక చెట్టు కోసం పదకొండేళ్ళు మాట్లాడలేదే స్తోయ్నా! పాడు చెట్టు! రేపే నరికేస్తాను!"

అప్పుడు తలుపు తెరుచుకుంది. గోధుమల గిన్నె పట్టుకుని పిన్ని గడపలో నిలబడింది.

ఎవరో కెవ్వున కేకేశారు. ఒకావిడ మెట్ల మీద పడిపోయింది. అందరూ శిలువ గుర్తు వేసుకుంటున్నారు.

"బతికే ఉన్నాన్రా. అరవకండి. లోపలికి రండి, వానలో తడవకండి. తినండి, చెబుతాను."

చెప్పింది. సీసా చేతులు మారింది. పావ్లిన్ వచ్చి అసలు అంకెలు చెప్పాడు, అంకెలు చెబుతూ ఏడ్చాడు. కొందరు తిట్టారు. ఒకడు నా కాళ్ళ ముందు ఉమ్మేశాడు. అయినా బయట వాన ముదిరింది, సీసా అడుగున మడ్డి కళ్ళెదుట ఉంది, పిన్ని తలుపుకి అడ్డంగా కూర్చుంది. సాయంత్రం దాకా చూద్దాం అని గొణుక్కుంటూ సర్దుకున్నారు.

వెల్కో బాబాయ్ ఒక చెంచా గోధుమలు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఆగాడు.

"ఇవి నా చెట్టు అక్రోట్లు!"

మొత్తం చర్చి నవ్వింది. అంత భయం మీద అంత నవ్వు, ఆపుకోలేకపోయాం. పిన్ని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వెల్కో బాబాయ్ మొహం కందిపోయింది. చెంచా విసిరేశాడు.

"నలుగురిలో నన్ను ఏడిపించి ఇప్పుడు నవ్వుతారా? చచ్చిందని ఏడ్చాను నేను, నిజంగా ఏడ్చాను! ఇంకోసారి మోసపోను. నా గాడిదకి గడ్డెయ్యాలి."

పిన్ని లేచి అడ్డం నిలబడింది. పక్కకి తోసుకుని వెళ్ళాడు. నేను గేటు దాకా పరిగెత్తి చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

"బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"వదలవే. కాగితం చూసినప్పుడే అనుకున్నాను, కింద కురచగా ఉందేమిటా అని. మీ కంపెనీ గుర్తు కోసేశావు కదూ?"

"అవును బాబాయ్."

"చూశావా మరి" అన్నాడు. అంతే. కోటు బొత్తాలు పెట్టుకుంటూ దిగి వెళ్ళాడు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. వెంటపడి లాక్కురావాల్సింది. వెంటపడలేదు. నాకు భయం వేసింది, కిందికి దిగాలంటే.

ఒంటిగంటా నలభై. ముందు పెద్ద చప్పుడేం లేదు, కొండ గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. తరవాత వాగు మలుపులో బూడిద రంగు గోడ లేచింది. పరుగెత్తలేదు అది, నడిచింది. పొగగొట్టాలు ఒకదాని తరవాత ఒకటి లోపలికి పోయాయి. గాడిద అరుపు వినిపించింది. తరవాత వినిపించలేదు.

చర్చి ముందు డెబ్భైమంది నిలబడి ఉన్నారు. పిన్ని ఒక్కమాటే అంది. "వెల్కో."

మార్చి 18

దామ్యానోవ్ గారు ఫోన్ చేశారు. పత్రికలకి ఇచ్చే ప్రకటన చదివి వినిపించారు. 'కంపెనీ ప్రజా సంబంధాల విభాగం ముందుచూపుతో దిగువ పేట వాసులందరినీ ప్రమాదానికి ముందే సురక్షిత ప్రాంతానికి చేర్చింది.'

"కింద నీ పేరు పెడదాం అమ్మా. నీకు మంచిది."

"ఇది అబద్ధం సార్."

"ఏది అబద్ధం? నువ్వు మా విభాగం కాదూ? నువ్వు చేర్చలేదూ?"

వెతికాను. అబద్ధం అనదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు. ఇంకో సంగతి రాసుకోవాలి: వింటున్నంతసేపూ నా బుర్ర ఆ వాక్యాన్ని దిద్దుతోంది, 'వాసులందరినీ' తీసేసి 'కుటుంబాలను' అంటే ఇంకా బాగుంటుందని. ఆ మడ్డిని చూసినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

పేరు వద్దన్నాను. ఫోన్ పెట్టేసి, పావ్లిన్‌తో కలిసి వెళ్ళి సీసా ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఇచ్చాను. రసీదు మీద పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

మార్చి 20, గురువారం

వెల్కో బాబాయ్ నిన్న దొరికాడు, వంతెన దిగువన. గాడిద తాడు ముంజేతికి చుట్టుకుని ఉంది. పిన్ని ఎవరినీ రానివ్వకుండా తనే కడిగింది. చెవుల్లో మడ్డి పోవడానికే గంట పట్టిందట.

చావుకాగితం వేయించడానికి పట్నంలో అచ్చు దుకాణానికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా మా చుట్టుపక్కల ఊళ్ళ చావులన్నీ వేసింది ఆ దుకాణం నడిపే మద్లేన అనే ఆవిడే. పేరు రాసిస్తే చాలు వేసేది. ఈ రోజు కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూసింది.

"ద్రెనోవిత్సా? ఆసుపత్రి ధ్రువపత్రం చూపించమ్మా. తప్పుగా అనుకోకు."

చూపించాను.

గుట్ట మీద ఎగువ వీధుల్లో అంటించాను. కింద ఇంక అంటించడానికి స్తంభాల్లేవు. జనం ఆగారు, ఎప్పటిలాగే. చదివారు. కాని చదివాక కదల్లేదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ వేలితో కాగితం అడుగు అంచు తడిమింది, కోసి ఉందేమోనని. తరవాత నావైపు తిరిగింది. రోజూ వెల్కో బాబాయ్ కొట్లో రొట్టె కొనే మనిషే.

"నిజంగానేనా అమ్మాయ్?"

"నిజమే పెద్దమ్మా" అన్నాను. నా నోటి మాట, అంతకంటే ఏం ఉంది నా దగ్గర? ఆవిడ చర్చివైపు నడిచింది.

చర్చిలో పెట్టె తెరిచి ఉంచారు. పిన్ని తల దగ్గర నిలబడింది. దిగువ పేట అంతా వరసలో వచ్చింది, పువ్వులు పట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని. ఒక్కొక్కరే పెట్టె మీదికి వంగి ఆయన మొహం చూశారు, చెయ్యి తాకి చల్లగా ఉందో లేదో చూశారు. ఆ తరవాతే కొవ్వొత్తి వెలిగించి ఏడ్చారు.